తొక్కని బ్రేకు

కారు అద్దాలు బిగించే ఆ షెడ్డులో ఆయన్ని అందరూ నిక్కచ్చి అనే పిలుస్తారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనిపించదు. ఆ పేరు ఊరికే రాలేదు. అద్దం అంచున రాసే జిగురు ఒకచోట గోరంత లావుగా పడితే మొత్తం గీకించి మళ్ళీ రాయించే మనిషి ఆయన. "ఇంతదానికి ఏమవుతుందండీ" అన్నవాళ్ళకు అరగంట ఉపన్యాసం ఖాయం. అది కూడా కొలిచినట్టు అరగంటే ఉంటుందని మిగతా ఫిట్టర్లు చాటుగా నవ్వుకునేవారు. నవ్వుకున్నా, పని నేర్చుకోవాలంటే ఆయన దగ్గరికే వచ్చేవారు.

ఇప్పటి కార్ల సంగతి తెలియనివాళ్ళకు ఇక్కడ కాస్త చెప్పాలి. ముందు అద్దానికి లోపలివైపు, వెనక బళ్ళను చూసుకునే చిన్న అద్దం చాటున, అగ్గిపెట్టెంత కెమెరా ఒకటి కూర్చుని ఉంటుంది. రోడ్డు మీద గీతలు చూస్తుంది. ముందున్న బండి ఎంత దూరంలో ఉందో అంచనా వేస్తుంది. గుద్దేలా ఉందని దానికి తోస్తే డ్రైవరును అడక్కుండా తనే బ్రేకు వేసేస్తుంది. బండి గీతల మధ్య ఊగుతోందని తోస్తే 'మీరు అలసిపోయారు, విశ్రాంతి తీసుకోండి' అని తెర మీద రాసి, పక్కన ఒక కప్పు బొమ్మ కూడా వేసి మర్యాద చేస్తుంది. అద్దం మార్చారంటే ఆ కెమెరాకు చూపు మళ్ళీ నేర్పాలి. నలుపు తెలుపు గళ్ళ బోర్డు ఒకటి కారు ముందు కొలిచిన దూరంలో, కొలిచిన ఎత్తులో నిలబెట్టి, చేతిలో పట్టుకునే యంత్రం ఒకటి కారుకు తగిలిస్తారు. ఆ బోర్డును చూసి కెమెరా నేల ఎక్కడుందో, ఎదుటి బండి ఎక్కడుందో లెక్క తెలుసుకుంటుంది. ఒక్కటే షరతు, నేల చదునుగా ఉండాలి. అందుకోసమే షెడ్డు వెనక ప్రత్యేకంగా ఒక గది కట్టించారు. చెంబుడు నీళ్ళు పోస్తే ఎటూ పారకుండా పోసినచోటే బద్ధకంగా నిలబడేంత చదును. దాన్ని లెవెల్ గది అంటారు. దాని తలుపు మీద 'బోర్డు ఈ గది దాటకూడదు' అని ఎర్ర రంగుతో రాసింది నిక్కచ్చే.

ఆ బోర్డును గది దాటించింది కూడా నిక్కచ్చే. ఇంకెవరైనా దాటించి ఉంటే ఈ కథ చెప్పే అవసరం ఉండేది కాదు. వాళ్ళను ఆయనే ఉతికి ఆరేసేవాడు.

దాటించింది సొంత అక్క కోసం. ఆవిడ డ్రైవింగు స్కూల్లో టీచరు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఊళ్ళో సగంమందికి క్లచ్చు వదలడం నేర్పింది. తమ్ముడికి నేర్పిందీ ఆవిడే. మొదటిరోజు ఆయన బండిని తీసుకెళ్ళి చెత్తకుండీకి కొడితే, "పోనీలేరా, చెత్త చెత్తలోకే వెళ్ళింది" అని కడుపు చెక్కలయ్యేలా నవ్విందట. స్కూలు కారులో టీచరు కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు తడబడితే టీచరు ఆ బ్రేకు తొక్కి ఆపాలి. ఆ బ్రేకును అవసరమైనప్పుడు తప్ప తొక్కని టీచరు అని ఆవిడకు పేరు. మిగతా టీచర్లు భయానికి నిమిషానికోసారి తొక్కేవాళ్ళు. ఆవిడ దగ్గర నేర్చుకుంటే బండి మన చేతిలో ఉన్నట్టు ఉంటుందని జనం వరసలో నిలబడేవారు.

ఒకరోజు లారీ చక్రం కింద నుంచి రాయి ఎగిరివచ్చి స్కూలు కారు అద్దం పగిలింది. అక్క ఆ కారు నడుపుకుంటూ మిట్టమధ్యాహ్నం షెడ్డుకు వచ్చింది.

"మూడింటికి క్లాసుందిరా. టైలరమ్మకి. ఇప్పుడిప్పుడే భయం వదులుతోంది. ఒక్కరోజు మానిందంటే మళ్ళీ మొదటికొస్తుంది."

"అద్దం వేసేస్తానక్కా. కానీ కెమెరా సరిచేయాలి. లెవెల్ గదిలో వ్యాను ఉంది, చక్రాలు విప్పేసి ఉన్నాయి. రేపు పొద్దున..."

"రేపా? తమ్ముడు పెద్ద మేస్త్రీ అని ఊరంతా చెప్పుకు తిరుగుతాను. తీరా చూస్తే నాకూ లైనేనా?"

ఆ మాట ఆయనకు తగలవలసినచోటే తగిలింది. అద్దం బిగించి, జిగురు ఆరాక, బోర్డును లెవెల్ గదిలోంచి తెచ్చి షెడ్డు గుమ్మం దగ్గర నిలబెట్టాడు. కారు పెరట్లో ఉంది. దూరం రెండుసార్లు కొలిచాడు, ఎత్తు మూడుసార్లు కొలిచాడు. ఎంతైనా నిక్కచ్చి కదా. కానీ ఆ పెరటికి వాలు ఉంది. బళ్ళు కడిగిన నీళ్ళు కాలవలోకి పారాలని, కాంక్రీటు పోసేటప్పుడు దగ్గర నిలబడి ఆ వాలు పెట్టించింది ఆయనే. కంటికి ఆనదు. కానీ బోర్డు నిలబడ్డ గుమ్మం, కారు నిలబడ్డ చోటు కన్నా మూడు వేళ్ళ ఎత్తు.

యంత్రం తెర మీద అడిగింది. 'నేల చదునుగా ఉందా? అవును. కాదు.'

యంత్రం తనంతట తాను నేలను చూడలేదు, మనం ఏది చెప్తే అది నమ్ముతుంది. నిక్కచ్చి ఒక్క క్షణం ఆగాడు. అక్క గడియారం చూసుకుంటోంది. మూడు వేళ్ళకు ఏమవుతుందిలే అనుకున్నాడు. జన్మలో ఇంకొకరిని అననివ్వని మాట తనే అనుకుని, 'అవును' నొక్కాడు. అర నిమిషంలో తెర మీద ఆకుపచ్చ టిక్కు వచ్చింది. అక్క ఆయన వీపు మీద ఒక్కటిచ్చి, "బంగారు తమ్ముడివిరా" అని వెళ్ళిపోయింది.

నాలుగు రోజుల తర్వాత ఫోను చేసింది. "ఒరేయ్, ఈ కారు నామీద పెద్దరికం చేస్తోందిరా. ఊరికే కుయ్యి కుయ్యిమని అరుస్తోంది, విశ్రాంతి తీసుకోమంటోంది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో మీ బావ ఒక్కసారైనా అనలేదు ఆ మాట."

ఆయనా నవ్వాడు. నవ్వుతూనే లోపల ఎక్కడో చురుక్కుమంది. "ఒకసారి తీసుకురా అక్కా, చూస్తాను" అన్నాడు. "ఈ వారం క్లాసులున్నాయి, తర్వాత చూద్దాంలే" అంది. సరే అన్నాడు. ఇంకో కారైతే షెడ్డు నుంచి మనిషిని పంపి మరీ తెప్పించేవాడు. ఇక్కడ తెప్పిస్తే, ఎందుకు తెప్పించావో చెప్పాలి.

ఆ మరుసటి వారం, వంతెన నీడ పడే చోట, టైలరమ్మ నడుపుతుండగా స్కూలు కారు ఉన్నపళాన ఆగిపోయింది. ముందు ఏమీ లేదు. వెనక వస్తున్న వ్యాను వచ్చి గుద్దింది. టైలరమ్మ పెదవి చిట్లింది, వెనక బంపరు ఊడింది. ప్రాణాలకేం కాలేదు. కానీ స్కూలు యజమానికి ఒక ప్రశ్న మిగిలింది. బ్రేకు ఎవరు వేశారు? టైలరమ్మ తన కాలు యాక్సిలరేటరు మీదే ఉందని ఏడుస్తూ చెప్పింది. అక్క తను తొక్కనే లేదని ఒట్టేసి చెప్పింది. మిగిలింది కారు. దాన్ని పరీక్షించి కాగితం మీద రాసిమ్మని యజమాని షెడ్డుకు పంపాడు. "నిక్కచ్చి గారు రాస్తే ఇక దానికి తిరుగులేదు" అని కబురు కూడా పెట్టాడు.

ఈసారి లెవెల్ గది ఖాళీగానే ఉంది. నిక్కచ్చి తలుపు వేసుకుని యంత్రం తగిలించాడు. కారు జ్ఞాపకంలో ఆ రోజు జరిగింది స్పష్టంగా ఉంది. ముందు ఏదో అతి దగ్గరగా ఉందనుకుని బండే బ్రేకు వేసింది. ఎవరి కాలూ ఏ బ్రేకు మీదా పడలేదు. గుమ్మం మీద నిలబెట్టిన బోర్డును చూసి కెమెరా తన చూపు కిందికి ఉందనుకుంది. అందుకే దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూస్తోంది. తప్పు తనదేనని ఆయనకు తేలిపోయింది. అయినా చేతులు మాత్రం పని మానలేదు. బోర్డును అక్కడే, ఆ చదును నేల మీద, పద్ధతి ప్రకారం నిలబెట్టి కెమెరా చూపు సరిచేశాడు. యంత్రం మళ్ళీ అడిగింది. 'పాత జ్ఞాపకాలు చెరిపేయాలా? అవును. కాదు.'

అవును అన్నాడు.

తర్వాత కాగితం తీసుకుని, 'కెమెరా, బ్రేకు పరీక్షించాను. ఏ లోపమూ లేదు' అని రాసి సంతకం పెట్టాడు. రాసిన క్షణానికి అది నిజమే. ఆ తెలివికి తనకే ఒళ్ళు జలదరించింది. పేరు పోతుందన్న భయం ఉంది. తలుపు మీద ఎర్ర అక్షరాలున్నాయి. ఇన్నాళ్ళూ తిట్టిన ఫిట్టర్ల మొహాలున్నాయి. అక్కకేమవుతుందిలే, యజమాని ఆవిణ్ణి దేవతలా చూస్తాడు, రెండు రోజుల్లో అందరూ మర్చిపోతారు అని సర్దిచెప్పుకున్నాడు. మనిషి తనకు తాను సర్దిచెప్పుకునేటప్పుడు ఎంత తీయగా మాట్లాడతాడో చెప్పలేం.

ఆ సాయంత్రమే అక్క ఫోను చేసింది.

"కారు నువ్వే చూశావా? ఇంకెవరైనా చూశారా?"

"నేనే చూశానక్కా."

"అయితే నేనే తొక్కి ఉంటాను" అంది.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఆయన ఫోను పెట్టేశాడు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. బాగుచేసిన కారును యజమాని కొత్త టీచరుకు ఇచ్చాడు. ఆ కుర్ర టీచరు కూడా ఒకప్పుడు అక్క దగ్గర నేర్చుకున్నదే. రెండు వారాలు నడిపినా కారు ఒక్కసారి కూడా దానంతటది ఆగలేదు. ఎలా ఆగుతుంది, నిక్కచ్చి సరిచేసి పంపాడు కదా. అక్క చేతిలో ఆగిన బండి ఇంకొకరి చేతిలో ఆగలేదంటే తప్పు ఎవరిదో ఎవరూ పైకి అనాల్సిన పనిలేకపోయింది. యజమాని మంచివాడే. "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి టీచరమ్మా" అన్నాడు. కారు రాసిన మాటే మనిషి నోట వచ్చింది. సోమవారం పొద్దున ఒక చిన్న పరీక్ష పెడతామనీ, అది అయితే మళ్ళీ క్లాసులు తీసుకోవచ్చనీ చెప్పాడు. పరీక్ష పెట్టేది కొత్త టీచరే.

ముందురోజు ఆదివారం. పొద్దున్నే అక్క, యజమానిని అడిగి తెచ్చుకున్న స్కూలు కారుతో తమ్ముడి ఇంటికి వచ్చింది. మనిషి కాస్త చిక్కింది. తమ్ముడి భార్యను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, తను టీచరు సీట్లో కూర్చుంది.

"నువ్వు వెనక కూర్చుని ముందుకి వంగరా. రోడ్డు చూడకు, నా మరదల్ని చూడకు. నా కాలు చూడు. నాకు తెలియకుండా అది కదులుతుందేమో చూసి చెప్పు."

"నేను నడుపుతుంటే కదలక ఏం చేస్తుంది వదినా, పరిగెత్తుతుంది" అంది భార్య. ఆడవాళ్ళిద్దరూ నవ్వారు. నిక్కచ్చి వెనక సీటెక్కాడు.

గంటసేపు ఊరంతా తిరిగారు. రెండు సీట్ల మధ్య నుంచి తల పెట్టి ఆయన అక్క కాలు చూస్తూ కూర్చున్నాడు. ఒక పక్క అరిగిన గుడ్డ బూటు. బ్రేకుకు జానెడు ఇవతల కాళ్ళ కింది చాప మీద నిమ్మళంగా ఆనుకుని ఉంది. భార్య ఫుట్‌పాత్ అంచుకు చక్రం రాసినా అది కదల్లేదు. లారీ పక్కనుంచి దూసుకుపోయినా కదల్లేదు. ఒక్కసారి సందులోంచి సైకిలు అడ్డంగా వచ్చింది. భార్య కెవ్వుమనేలోపే ఆ కాలు లేచి, ఎంత అవసరమో అంతే నొక్కి, మళ్ళీ వచ్చి చాప మీద కూర్చుంది. అంత చక్కని పని ఆయన తన చేతులతో కూడా ఎప్పుడూ చేయలేదు. చూస్తుంటే చచ్చినంత పనైంది.

ఇంటి ముందు ఆపాక అక్క వెనక్కి తిరిగింది. "ఊరికే తొక్కానా?"

"లేదక్కా. సైకిలప్పుడు తప్ప."

"సైకిలప్పుడు తొక్కింది నాకూ గుర్తుంది." బ్యాగులోంచి చిన్న పుస్తకం తీసింది. "ఈమధ్య అన్నీ రాసుకుంటున్నానురా." తెరిచి చూపించింది. గుండ్రటి అక్షరాలతో, పిల్లలకు రోడ్డు గుర్తులు రాసిచ్చినంత శ్రద్ధగా రాసి ఉంది. 'ఎనిమిదీ పది, తలుపు తాళం వేశాను. ఎనిమిదీ పన్నెండు, వేశానో లేదో వెనక్కెళ్ళి చూశాను. వేశాను.' పేజీల నిండా అవే.

"అమ్మకి కూడా ఇలాగే కదరా మొదలైంది. పొయ్యి మీద పాలు తనే పెట్టి, నేను పెట్టలేదు పొమ్మనేది. ఎంత ఒట్టేసి చెప్పేదో గుర్తుందా? నేనూ అలాగే ఒట్టేశాను, తొక్కలేదని. తొక్కినందుకు భయం లేదు. తొక్కి, తొక్కలేదని అంత గట్టిగా ఎలా అనుకున్నానా అని భయం."

నిక్కచ్చి నోరు తెరిచాడు. నిజం నాలుక దాకా వచ్చింది. వచ్చి, అక్కడి నుంచి వెనక్కి వెళ్ళి, దాని బదులు ఇంకో మాట బయటపడింది.

"ఒకసారి డాక్టర్ని కలువక్కా."

"అడిగానురా. గురువారం రమ్మన్నారు" అంది ఆవిడ, మంచి సలహా ఇచ్చిన తమ్ముడి చెయ్యి నిమురుతూ.

ఆవిడ వెళ్ళాక భార్య వంటగదిలోంచి అడిగింది. "వదినకేం లేదని ఆ కాలు చూస్తేనే తెలుస్తోంది కదండీ. డాక్టరెందుకన్నారు?" ఆవిడ చేతిలో గిన్నె కింద పెట్టి వచ్చి ఎదురుగా నిలబడింది. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్న మొహం, చదవడానికి ఎంతసేపు పడుతుంది? అప్పుడు చెప్పాడు. పెరడు, వాలు, రెండు 'అవును'లు, కాగితం, అంతా చెప్పాడు.

ఆవిడ కూర్చుండిపోయింది. "గంటసేపు నేను చెమటలు కక్కుతూ నడిపాను. వదిన తన కాలు వంక తనే దొంగని చూసినట్టు చూసుకుంటోంది. మీరు అన్నీ తెలిసి వెనక కూర్చుని..." అంటూ ఆగిపోయింది. ఆయన సిగ్గుతో కుంచించుకుపోయాడు. తిట్టినా బాగుండేది. ఆవిడ తిట్టలేదు. "ఇవాళే వెళ్ళి చెప్పండి" అని మాత్రం అంది.

వెళ్ళాడు. సాయంత్రం అక్క ఇంటి తలుపు బావ తీశాడు.

"రావయ్యా బావమరిదీ! మీ అక్క పుస్తకంలో నేనూ ఎక్కాను తెలుసా? 'ఆరు గంటలకి మొగుణ్ణి పలకరించాను' అని రాసుకుంది. ఇన్నాళ్ళకి నాకూ ఒక సాక్ష్యం దొరికింది."

బావ నవ్వాడు కానీ కళ్ళు నవ్వలేదు. లోపల అక్క మర్నాటి పరీక్షకు బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. మొదటిరోజు బడికి వెళ్ళే పిల్లలా కాలరు రెండుసార్లు తిప్పి తిప్పి ఒత్తింది. ఇస్త్రీ అయ్యాక ప్లగ్గు తీసి, తీశానని పుస్తకంలో రాసుకుంది. నిక్కచ్చి గ్లాసుడు మంచినీళ్ళు తాగాడు. ఎండలు ముదిరాయన్నాడు. లేచి వచ్చేశాడు. ఇంటికొస్తే భార్య ఆ రాత్రంతా ఆయన మొహం వంక కూడా చూడలేదు.

సోమవారం స్కూలు తెరిచే వేళకు ఆయన అక్కడున్నాడు. గోడల నిండా రోడ్డు గుర్తులు, మూలన లోపలి భాగాలు కనపడేలా కోసిపెట్టిన ఇంజను, బెంచీల మీద నేర్చుకోవడానికి వచ్చిన ఆరేడుగురు. వాళ్ళలో టైలరమ్మ ఉంది. పెదవి మీద మచ్చ ఇంకా పోలేదు. అక్క ఇస్త్రీ బట్టల్లో యజమాని బల్ల ముందు నిలబడి ఉంది. కొత్త టీచరు చేతిలో తాళాలు పట్టుకుని నేల చూపులు చూస్తోంది.

"పరీక్ష వద్దండీ" అంది అక్క. మడిచిన కాగితం ఒకటి బల్ల మీద పెట్టింది. "నా కాలి మీద నాకే నమ్మకం లేదు. అలాంటప్పుడు ఇంకొకరి ప్రాణం పక్కన కూర్చోకూడదు. ఇవాళ్టి నుంచి మానేస్తున్నాను."

యజమాని కాగితం తీసుకోబోయాడు. నిక్కచ్చి వెళ్ళి ఆ కాగితం మీద చెయ్యి పెట్టాడు.

"ఆవిడ తొక్కలేదండీ. నేను కెమెరాని పెరట్లో, వాలు నేల మీద సరిచేశాను. అందుకే బండి దానంతటదే ఆగింది."

యజమాని ఆ కాగితం వదిలి ఆయన వైపు తిరిగాడు. "మరి లోపం లేదని మీరే రాసిచ్చారు కదండీ."

"సరిచేసి రాశాను."

"సరే... పొరపాటు. మనుషులన్నాక..."

"కాదండీ." ఆయన అడ్డుపడ్డాడు. "వాలులో పెట్టింది పొరపాటు. బండిలో ఉన్న సాక్ష్యం చెరిపేసింది పొరపాటు కాదు. తెలిసే చెరిపాను."

"నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాను, ఎవరూ తొక్కలేదని!" టైలరమ్మ బెంచీ మీంచి లేచి అరిచింది. ఎవరో 'నిక్కచ్చట, నిక్కచ్చి' అన్నారు. ఎవరో నవ్వారు. ఆయనకు భూమి చీలితే బాగుండుననిపించింది. అది చీలలేదు.

అక్క ఒక్కటే అడిగింది. "నీకు ఎప్పుడు తెలిసింది?"

"వ్యాను గుద్దాక కారు షెడ్డుకి వచ్చిన రోజే."

"నిన్న నా కాలు చూసినప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

"డాక్టర్ని కలవమన్నప్పుడు కూడా."

ఆయన తల ఊపాడు. ఆవిడ కాసేపు గోడ మీద గుర్తుల వంక చూస్తూ నిలబడింది, వాటిలో దేన్నో వెతుకుతున్నట్టు.

యజమాని కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. చేతులు జోడించి, "టీచరమ్మా, పదింటి క్లాసు మీదే" అన్నాడు. షెడ్డుకు ఇక తమ బళ్ళు రావని నిక్కచ్చితో చెప్పాడు, చూపు మాత్రం ఆయన వైపు తిప్పకుండా. కొత్త టీచరు తాళాలు తెచ్చి అక్క చేతిలో పెట్టి కళ్ళు తుడుచుకుంది. ఒక్క నిమిషంలో అంతా మామూలైపోయినట్టే ఉంది. అక్క తాళాలు తీసుకుని, "ముందు వీణ్ణి షెడ్డు దగ్గర దింపి వస్తాను" అంది. ఎంతైనా అక్క.

కారులో ఆవిడ తిడుతుందని ఎదురుచూశాడు. చిన్నప్పటిలా చెవి మెలేసినా హాయిగా ఉండేది. ఆవిడ రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, నేర్చుకునేవాళ్ళు పట్టుకున్నట్టు, నిటారుగా కూర్చుని నడుపుతోంది. ఊరు దాటాక పొడుగాటి తిన్నని రోడ్డు. ఎండ తెల్లగా కాస్తోంది. ముందు బండి లేదు, వెనక బండి లేదు.

ఉన్నట్టుండి కారు కుదుపుతో ఆగింది. బెల్టు ఆయన ఛాతీకి ఒరుసుకుంది.

మొదట ఆయన చూపు తెర మీదికి పోయింది. అలవాటైన చూపు. అక్కడ ఏ హెచ్చరికా లేదు, ఏ గుర్తూ లేదు. కెమెరా రోడ్డును ఉన్నది ఉన్నట్టే చూస్తోంది. తర్వాత కిందికి చూశాడు. అక్క కాలు బ్రేకు మీద, మడమ దాకా బిగుసుకుని ఉంది.

"ఇది కారు కాదురా" అంది ఆవిడ మెల్లగా. "నేనే తొక్కాను."

"ఎందుకక్కా?"

"ఏమో. నా మాట వింటుందో లేదో చూద్దామని..." తల అడ్డంగా ఊపింది. "కాదు. భయమేసింది. అంతే."

"నన్ను క్షమించక్కా."

ఆవిడ విన్నదో లేదో. "పదింటికి టైలరమ్మ పక్కన కూర్చోవాలి నేను" అంది. "భయపడకూడదమ్మా అని చెప్పాలి ఆవిడకి. ఇన్నేళ్ళూ ఎలా చెప్పేదాన్నో గుర్తు రావడం లేదు."

ఇంజను సన్నగా మోగుతోంది. ఆయన చేతికి తెలిసిన ఏ పనిముట్టూ ఇక్కడ పనికిరాదు.

"దిగరా" అంది. కోపం లేదు ఆ గొంతులో. "నువ్వు పక్కనుంటే నా కాలు వంక చూస్తావేమో అనిపిస్తోంది. ఇక్కణ్ణించి నడిచి వెళ్ళు."

దిగాడు. తలుపు వేశాడు. కారు నెమ్మదిగా కదిలింది. వంద గజాలు పోయిందో లేదో వెనక ఎర్ర లైట్లు వెలిగాయి. ఆగి, మళ్ళీ కదిలింది. ఇంకాస్త దూరం పోయి మళ్ళీ వెలిగాయి. ఆ రోడ్డు మీద ఇంకో బండి లేదు, అడ్డొచ్చే మనిషి లేడు. మలుపు తిరిగేలోపు నాలుగుసార్లు వెలిగాయి. ఆయనకు తల దించుకోవాలనిపించింది. దించుకోలేదు. నాలుగూ చూశాడు.